అద్దె అడగాలంటే మొహమాటం, ఖాళీ చేయమనాలంటే భయం

విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. అందులోని సంగతి క్లుప్తంగా ఇది.

ఆమెకు 56 ఏళ్లు. భర్త 2023లో పోయారు. ఆయన సింగ్‌నగర్‌లో కట్టించిన ఇంట్లో కిందా పైనా రెండు వాటాలున్నాయి. అద్దెల వ్యవహారమంతా ఆయనే చూసుకునేవారు. కింది వాటాలో 2016 నుంచి ఒకే కుటుంబం ఉంటోంది. ఇంటాయనది కుట్టుమిషన్ల రిపేరు షాపు. అద్దె 9,000, అడ్వాన్సు 18,000. 2024 సెప్టెంబరు 1న బుడమేరు ముంచెత్తినప్పుడు ఇంట్లో నడుము పైదాకా నీళ్లు వచ్చి సామానంతా పోయింది. షాపులో మిషన్లన్నీ తుప్పు పట్టాయి. నీళ్లు తీశాక ఈమె వెళ్లి చూసి, మనసు ఆగక, “అద్దె సంగతి తర్వాత చూద్దాంలే, ముందు మీరు కుదుటపడండి” అన్నారు. మూడు నెలలు వాళ్లు అద్దె ఇవ్వలేదు, ఈమె అడగలేదు. డిసెంబరు నుంచి నెలకు 5,000 ఇచ్చారు. 2025 జూన్ నుంచి అదీ ఆగిపోయింది. మొన్న నవంబరులో అడిగితే, “మీరే వదిలేశామన్నారు కదండీ. పైగా తలుపులకీ వైరింగుకీ మేం 22 వేలు పెట్టుకున్నాం” అన్నారట. ఈలోగా కొత్త బండి కొన్నారు. అది ఈమెకు బాగా గుచ్చుకుంది.

హైదరాబాద్‌లో ఉన్న కొడుకు “ఖాళీ చేయించి అమ్మేద్దాం” అంటున్నాడు. మరిది “నాకు తెలిసిన మనుషులున్నారు, రెండు రోజుల్లో పని అయిపోతుంది” అంటున్నారు. అత్తగారు ఆ మరిది దగ్గరే ఉంటారు. పై వాటాలో ఉంటున్న నర్సు “కిందవాళ్లు అద్దే కట్టకపోతే నేను మాత్రం పూర్తిగా ఎందుకు కట్టాలి?” అని ఈ మధ్యే అడిగింది. వీటన్నిటికీ తోడు ఇంకో బాధ. భర్త చివరి రోజుల్లో ఆస్పత్రికి పూటపూటా క్యారేజీ తెచ్చింది ఆ కింది వాటా ఇల్లాలే. “లక్ష దాటిన బాకీ అడగాలంటే మొహం చెల్లడం లేదు. అడక్కపోతే పన్నెండేళ్లు నిండి ఇల్లే వాళ్లదైపోతుందంటున్నారు. రాత్రిళ్లు నిద్ర లేదు” అని ఉత్తరం ముగించారు.

*

ముందు ఆ పన్నెండేళ్ల భయం తీసేద్దాం. మీ టెన్షన్‌లో సగం అదే.

పన్నెండేళ్లు ఒకచోట ఉంటే ఇల్లు సొంతమైపోతుందన్న మాట మన ఊళ్లలో చాలా ఇళ్ల యజమానులను పీడిస్తోంది. అది అద్దెకున్నవాళ్ల గురించి చెప్పిన మాట కాదు. యజమాని హక్కును కాదని, అనుమతి లేకుండా, నలుగురికీ తెలిసేలా “ఇది నాది” అని అనుభవించినవాళ్ల గురించి. అద్దెకున్నవాళ్లు మీ అనుమతితోనే ఉన్నారు. తొమ్మిదేళ్లు ఉన్నా, పంతొమ్మిదేళ్లు ఉన్నా అద్దెదారులే. తనను అద్దెకు పెట్టిన మనిషికి ఆ ఇంటి మీద హక్కే లేదని వాదించడానికి సాక్ష్య చట్టం కూడా ఒప్పుకోదు. కాకపోతే వాళ్లు అద్దెకే ఉన్నారని చూపించే కాగితం మీ చేతిలో ఉండాలి.

అది మీ దగ్గర ఉంది. ఉత్తరంలో మీరు తేలిగ్గా రాసేసిన ఒక వాక్యం నేను రెండుసార్లు చదివాను. మీవారు ప్రతి నెలా డైరీలో అద్దె ముట్టిన తేదీ రాసుకుని, పక్కనే కింది వాటా ఆయనతో సంతకం పెట్టించేవారని రాశారు. “ఆయనకదో చాదస్తం” అన్నారు. ఆ చాదస్తమే ఇప్పుడు మీకు అండ. 2016 నుంచి 2023 వరకు ఆ మనిషి ఏ హోదాలో ఉన్నాడో, నెలకు ఎంత ఇచ్చాడో ఆయన సంతకంతోనే ఉంది. ఆ డైరీలన్నీ ఒకచోట పెట్టి ఫొటోలు తీయించండి. అసలువి ఎవరికీ ఇవ్వకండి, ఇంట్లోవాళ్లకైనా సరే. ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు కూడా ఆ సంచిలోనే పెట్టండి.

ఇక బాకీ. లక్ష దాటిందని మీరంటున్నారు, ఒక్క రూపాయి లేదని వాళ్లంటున్నారు. కాగితం మీద వేసి చూద్దాం. 2024 సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు అద్దె 27,000. ఇది మీరు నోటితో వదిలేసిన డబ్బు. “తర్వాత చూద్దాం” అనే అన్నాను, వదిలేస్తాననలేదని మీరు అనొచ్చు. కానీ పీకల్లోతు కష్టంలో ఉన్న మనిషి ఆ మాటను వదిలేసినట్టే వింటాడు. దాన్ని మళ్లీ లెక్కలోకి తెస్తే మీ తక్కిన మాటకు కూడా విలువ పోతుంది. వదిలేయండి. డిసెంబరు నుంచి మే దాకా ఆరు నెలలకు తరుగు నెలకు 4,000 చొప్పున 24,000. జూన్ నుంచి నవంబరు దాకా ఆరు నెలలు 54,000. మొత్తం 78,000. ఇందులో మీ దగ్గరున్న అడ్వాన్సు 18,000. వాళ్లు చెబుతున్న రిపేరు 22,000 నిజమే అనుకుంటే, అన్నీ పోను మిగిలేది 38,000.

మీరు నిద్ర మానుకున్నది లక్ష కోసం. వాళ్లు మొహం తిప్పుకుంటున్నదీ ఆ లక్ష పేరు చెప్పే. అసలు తగాదా 38 వేలకూ 78 వేలకూ మధ్య ఉంది. ఇది ఇద్దరు కూర్చుని తేల్చుకోగల మొత్తం.

రిపేరు డబ్బు గురించి ఒక మాట. వాళ్లు అడిగింది పూర్తిగా అన్యాయం కాదు. యజమాని చేయించాల్సిన మరమ్మతును చెప్పినా చేయించకపోతే అద్దెదారు చేయించుకుని అద్దెలో మినహాయించుకోవచ్చని ఆస్తి బదిలీ చట్టంలోనే ఉంది. వరద గురించి కూడా ఆ చట్టం చెప్పింది. వరదలో ఇల్లు శాశ్వతంగా పనికిరాకుండా పోతే అద్దె ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు అద్దెదారుకు ఇచ్చింది. అంటే ఆ రోజు వాళ్లు వెళ్లిపోదలిస్తే వెళ్లిపోవచ్చు. అంతేకానీ ఇంట్లోనే ఉంటూ అద్దె ఎగ్గొట్టమని ఏ చట్టమూ చెప్పలేదు. కాబట్టి తలుపులకు, వైరింగుకు బిల్లులుంటే చూపించమనండి. బిల్లులు లేకపోతే ఆ వైరింగు చేసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి అడగండి. సింగ్‌నగర్‌లో ఆ రెండు మూడు నెలలూ వైరింగు చేసినవాళ్లకు ఏ ఇంట్లో ఎంత పని చేశారో బాగానే గుర్తుంటుంది. తేలినంత మేరకు ఒప్పుకోండి. గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు ప్రభుత్వం ఇచ్చిన 25 వేలు వాళ్లే తీసుకున్నారని మీరు కాస్త కోపంగా రాశారు. ఆ డబ్బు మునిగిన సామాను కోసం, సామాను వాళ్లది. దాన్ని ఈ లెక్కలో కలపకండి.

బండిని కూడా. రిపేరు షాపు పోయి ఎక్కడో జీతానికి కుదిరిన మనిషి పనికి వెళ్లడానికి వాయిదాల మీద బండి కొని ఉండొచ్చు. లేదా మీ అద్దె డబ్బుతోనే కొని ఉండొచ్చు. ఏదైనా మీకు రావాల్సింది అద్దె, ఆయన ఇంటి బడ్జెట్ లెక్క కాదు. బండి ప్రస్తావన తెచ్చారంటే మాట అక్కడే తెగిపోతుంది.

క్యారేజీ సంగతి వీటన్నిటికంటే కష్టం. నాకనిపించేది ఏమిటంటే, మీరు ఆ ఇల్లాలి ఋణాన్ని అద్దె రూపంలో తీర్చుకుంటున్నారు, కానీ ఆ సంగతి ఆమెకు తెలియదు. ఆమె దృష్టిలో మీరు వరద సాయం చేశారు. మీ దృష్టిలో ఋణం తీరుస్తున్నారు. ఆమె భర్త దృష్టిలో మీకు అద్దె అవసరమే లేదు. ఇలా ఎంతకాలం సాగినా మీ ఋణం తీరినట్టు మీకనిపించదు. వాళ్ల అమ్మాయి పదో తరగతి చదువుతోందని రాశారు. ఇంటర్‌లో చేరేటప్పుడు మీకు తోచినంత ఫీజు కట్టి, “మీ అమ్మ మాకు చేసినదానికి” అని ఆ పిల్లతో చెప్పండి. అద్దె వేరుగా అడగండి. ఈ రెండూ విడిపోతే అడగడానికి మొహం చెల్లుతుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

వాళ్లను అక్కడే ఉంచి కొత్తగా ఒప్పందం రాసుకోవడం ఒకటి. వరద తర్వాత ఆ వైపు కింది వాటాలకు జనం వెనకాడుతున్నారు. ఖాళీ చేయిస్తే మళ్లీ మనిషి దొరికేదాకా నాలుగైదు నెలలు టు-లెట్ బోర్డు వేలాడొచ్చు, పైగా రంగులు వేయించాలి. ఆ లెక్క చూసుకుంటే, 9,000 కాకుండా 7,500కు ఒప్పుకుని, బాకీని నెలకు 1,500 చొప్పున కలిపి కట్టమనడం మీకూ నష్టం కాదు. మళ్లీ 9,000 అవుతుంది, అంటే వాళ్లకు అలవాటైన మొత్తమే. 38,000 అయితే రెండేళ్లకు కాస్త పైన తీరుతుంది. అయితే నోటిమాట మీద వద్దు. పదకొండు నెలలకు స్టాంపు కాగితం మీద రాసుకోవడం మన దగ్గర అలవాటు, ఏడాది దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అనుకోవడం వల్ల. కానీ మన రాష్ట్రంలో రాసుకున్న అద్దె ఒప్పందం ఎంత కాలానికైనా రిజిస్టర్ చేయించాల్సిందే. కాబట్టి ఆ ఖర్చుకు వెనకాడకుండా రిజిస్టర్ చేయించుకోండి. అద్దె ఫోన్‌పేలోనో బ్యాంకులోనో వేయమనండి. చేతికి తీసుకుంటే రసీదు రాసివ్వండి. ఇందులో ఉన్న రిస్కు ఒకటే, మూడో నెలలో మళ్లీ ఆపేయొచ్చు. ఆపితే మీ చేతిలో సంతకం చేసిన కాగితం ఉంటుంది, ఈ రోజు అది లేదు.

గడువిచ్చి మర్యాదగా ఖాళీ చేయించడం ఇంకొకటి. దీనికి మీరు బాకీలో కొంత వదులుకోవాలి. “ఏప్రిల్ ఆఖరుకు తాళాలిస్తే అడ్వాన్సు పోను మిగతా బాకీ అడగను” అంటే చాలామంది ఒప్పుకుంటారు. డబ్బు పోతుంది, ఇల్లు చేతికొస్తుంది. తేదీ ఎంచుకోవడంలో జాగ్రత్త అవసరం. డిసెంబరు నెలాఖరు అన్నారనుకోండి, “ధనుర్మాసంలో ఇల్లు ఎలా మారతామండీ” అంటారు, మీరూ కాదనలేరు. సంక్రాంతి తర్వాత అంటే పిల్ల పదో తరగతి పరీక్షలంటారు, అదీ నిజమే. మార్చిలో పరీక్షలైపోతాయి. ఏప్రిల్ 30 అని తేదీ వేసి రాయించుకుంటే వాళ్లకు సాకు ఉండదు, మీకు మొహమాటం ఉండదు. ఆషాఢం దాకా మాత్రం జరగనివ్వకండి. ఆషాఢం వచ్చిందంటే ఇక శ్రావణమే.

లాయరు నోటీసు ఆఖరిది. నెలవారీ అద్దెకు ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం పదిహేను రోజుల గడువుతో నోటీసు ఇస్తారు. 1960 నాటి అద్దె చట్టం స్థానంలో మన రాష్ట్రానికి 2017లో కొత్త చట్టం వచ్చింది, మీ కేసు ఏ దారిలో నడపాలో కాగితాలు చూసి లాయరు చెబుతారు. నోటీసు వెళ్లగానే ఖాళీ చేసి వెళ్లిపోతారని మాత్రం అనుకోకండి. నోటీసు తర్వాత కేసు, కేసు తర్వాత వాయిదాలు. ఈలోగా ఆ ఇల్లాలితో మీకు మాటలుండవు. అందుకే దీన్ని చివరికి పెట్టాను. అలాగని చేతులు కట్టుకుని కూర్చోకండి. అద్దె బాకీ మీద దావాకు గడువు, అది ఇవ్వాల్సిన రోజు నుంచి మూడేళ్లే. 2024 డిసెంబరు తరుగు 2027 డిసెంబరుతో కాలదోషం పడుతుంది. మధ్యలో బాకీ ఉన్నట్టు ఆయన సంతకం పెడితే ఆ మూడేళ్లు అక్కడినుంచి మళ్లీ మొదలవుతాయి. మొదటి దారిలో కాగితం రాసుకోమనడానికి ఇదీ ఒక కారణం.

కోర్టు ఖర్చంటే భయపడుతున్నారు. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయసేవల చట్టం ఇచ్చింది. కోర్టు ప్రాంగణంలో న్యాయసేవా సంస్థ వాళ్లను అడగండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీకి పెట్టుకోవచ్చు. ఇద్దరూ ఒప్పుకుని సంతకం చేస్తే అది కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు. 38 వేల తగాదాకు ఇంతకంటే సరైన చోటు నాకు కనిపించడం లేదు.

నేనైతే ముందు మొదటి రెండు దారులూ ఒకేసారి వాళ్ల ముందు పెడతాను. ఉంటారా, ఇదీ లెక్క. వెళ్తారా, ఇదీ గడువు. ఎంచుకోవడం వాళ్లకే వదిలేస్తాను. మాట్లాడేటప్పుడు ఇద్దరూ ఉండేలా చూసుకోండి, ఆమె ఒక్కతే ఉన్నప్పుడు వద్దు. కాగితం చదివి వినిపించండి, ఇలా ఉంటే చాలు: “2024 సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు అద్దె నేను వదిలేశాను. ఆ తర్వాతది వదల్లేదు. మీరు పెట్టిన రిపేరు బిల్లులు చూపిస్తే తగ్గించుకుంటాను. పదిహేను రోజుల్లో మీ మాట చెప్పండి.” అంతకు మించి ఒక్క మాట కూడా అక్కర్లేదు. వాళ్లు కళ్లనీళ్లు పెట్టుకుంటే మంచినీళ్లివ్వండి, అంకె మాత్రం మార్చకండి.

పై వాటా నర్సుతో ఇంకా తేలిక. ఆవిడ ఒప్పందం వేరు, కిందవాళ్లది వేరు. పై వాటాలోకి నీళ్లు రాలేదు, అద్దె తగ్గించడానికి కారణం లేదు. కానీ ఆవిడ కోపానికి అసలు కారణం మోటారు అని మీ ఉత్తరంలోనే ఉంది. మోటారు కింది మీటరు మీద ఉండటం, వాళ్లు బిల్లు కట్టక కరెంటు పోతే పైన నీళ్లు లేకపోవడం. మోటారుకు విడిగా మీటరు పెట్టించండి. ఇది ఈ వారమే చేయాల్సిన పని. నెలనెలా సక్రమంగా అద్దె కట్టే మనిషి వెళ్లిపోతే మీ కష్టం రెండింతలవుతుంది.

మీరు అడగని విషయం ఒకటి ఉంది. ఇల్లు ఇంకా మీవారి పేరునే ఉందన్నారు. వీలునామా లేదన్నారు. ఇది ఆయన స్వార్జితమైతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, పిల్లలతో పాటు తల్లికి కూడా సమాన వాటా ఉంటుంది. అంటే మీకు, మీ అబ్బాయికి, మీ అత్తగారికి తలా మూడో వంతు. ఇది మీ అబ్బాయికి తెలిసినట్టు లేదు. అత్తగారి సంతకం లేకుండా ఆ ఇల్లు మొత్తంగా అమ్మడం కుదరదు. పైగా అద్దెదారులున్న, వరద చూసిన ఇంటికి ఇప్పుడు వచ్చేది అడిగినవాడి ధర. అమ్మకం మాట కొన్నాళ్లు పక్కన పెట్టమనండి. ముందు కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తీసుకుని, ఇంటిపన్ను, కరెంటు మీటరు వారసుల పేర్లకు మార్పించుకోండి. అద్దెదారుకు నోటీసు సహయజమానుల్లో ఒకరు ఇచ్చినా చెల్లుతుంది కానీ, ముగ్గురి సంతకాలూ ఉంటే వాళ్ల లాయరుకు పట్టుకునేందుకు ఏమీ ఉండదు. అత్తగారితో ఈ విషయం మీరే స్వయంగా, తొందరగా మాట్లాడండి. ఇంకొకరి నోట ఆమెకు చేరితే వేరేలా వినపడుతుంది.

ఇక మరిదిగారి మనుషులు. బెజవాడలో సెటిల్‌మెంట్లంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. సామాను రోడ్డున పడేసినా, తాళం వేసినా, కరెంటు పీకించినా, మీరు ఇప్పటిదాకా ఉన్న న్యాయమైన స్థానం పోయి నేరం మీ మెడకు చుట్టుకుంటుంది. చట్టప్రకారం కాకుండా వెళ్లగొట్టినవాళ్ల మీద ఆరు నెలల్లోపు దావా వేసి, హక్కుల చర్చ లేకుండానే మళ్లీ ఇంట్లోకి వచ్చే వీలు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఇచ్చింది. అలా తిరిగొచ్చిన అద్దెదారుతో ఇక రాజీ ఉండదు. ఆ మనుషులకు ఇవ్వాల్సింది కూడా ఈ బాకీకి తక్కువేం కాదు. మరిదిగారిని నొప్పించకుండా తప్పించుకోవాలంటే, “లాయరుతో మాట్లాడాను, ఎవరైనా వెళ్లి గొడవ చేస్తే కేసు మనమీదికి తిరుగుతుందన్నారు” అనండి. ముందు లాయరుతో మాట్లాడండి, అప్పుడది అబద్ధం కూడా కాదు.